వయసు రాయాల్సిన చోట

మార్చి 3

వదినకు,

ఎలా ఉన్నారని అడగను. అడిగితే "ఉన్నాను" అంటారు, ఆ ముచ్చట అక్కడితో అయిపోతుంది. ఫోన్‌లో అయితే అదీ లేదు. ఊఁ అంటారు, మళ్లీ ఊఁ అంటారు, ఎవరో పిలుస్తున్నారని పెట్టేస్తారు. కాగితం ముందు కూర్చుంటే మాత్రం మనిషిలా మాట్లాడతారు. అందుకే ఈ ఉత్తరం. మీ తమ్ముణ్ణి రాయమంటే, "నువ్వే రాయి, నీ రాత గుండ్రంగా ఉంటుంది" అని తప్పించుకున్నాడు.

మా ఆఫీసరుగారికి తొమ్మిదో నెల నిండింది. ఆ పేరెందుకు పెట్టామో మీకు చెప్పానో లేదో. ఎవరెత్తుకున్నా కనుబొమలు ముడిచి, తనిఖీకి వచ్చినవాడిలా పైనుంచి కిందిదాకా చూస్తాడు. పాస్ చేశాడనుకుంటే చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంటాడు. లేదంటే ఏడుస్తాడు. మీ తమ్ముడు ఇప్పటికీ రోజూ ఫెయిలవుతున్నాడు.

ఇక అసలు సంగతి. ఎంత సాగదీసినా రాయక తప్పదు కదా. పోయిన నెల వాడికి చొక్కా కుడదామని కొలతలు తీస్తుంటే నడుము దగ్గర ఒక పక్క ఎక్కువ వచ్చింది. పిల్లల బట్టల యూనిట్‌లో రోజంతా సైజులు సరిచూడటమే నా పని, మీకు తెలుసు. టేపు తప్పు చెప్పిందేమోనని మళ్లీ తీశాను. టేపు తప్పు చెప్పలేదు. ఎడమ పక్క చేత్తో నొక్కితే గట్టిగా తగిలింది.

పిల్లల డాక్టరు స్కాన్ తీయించాడు. మూత్రపిండం మీద గడ్డ ఉందన్నాడు. సూదితో ముక్క తీశారు. వాడు ఏడ్చిన ఏడుపు రాయను. ఇలాంటివి అరుదుగా వస్తాయి, చదవగలిగేవాళ్లు ఇక్కడ లేరు, పెద్ద చోటికి పంపాలి అన్నాడు. "మా వదినే ఆ పెద్ద చోటు" అన్నాను. నిజంగానే అన్నాను, నవ్వకండి. పిల్లల గడ్డలు చూడటంలో మీకు ఎంత పేరుందో ఆయనకూ తెలుసట.

స్లైడ్లు పంపేదా వదినా? మీ కళ్లతో చూసి ఒక్క మాట చెప్పండి. అది ఏదైనా సరే. ఇంకెవరు చెప్పినా నాకు నిద్ర పట్టదు.

మీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న
మీ మరదలు


మార్చి 9

మరదలా,

నీ ఉత్తరం ల్యాబులో చదివాను. చదివి మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఎదుట ఉన్న ట్రేలో ఏ స్లైడు చూసినా ఏమీ కనబడలేదు. కాసేపు లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. కిటికీ అంటే పెద్దగా ఊహించుకోకు. అవతల జనరేటరు గది గోడ.

సూటిగా చెప్తాను. వాడి స్లైడ్లు నేను చూడను.

కోపం తెచ్చుకోకుండా ముందు విను. నా పని ఏమిటో మీ ఇద్దరికీ సరిగ్గా తెలియదు, నేనూ ఎప్పుడూ చెప్పలేదు. ముక్క చెడిపోకుండా ఫార్మలిన్ మందులో మునిగి వస్తుంది. దాని చుట్టూ మైనం పోసి దిమ్మ చేస్తారు. మా మైనం మేస్త్రి ఆ దిమ్మను ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చగా కోసి గాజు మీద పరుస్తాడు. గులాబీ, ఊదా రంగులు పట్టిస్తారు. అప్పుడు నా దగ్గరికొస్తుంది. నేను చేసేది చూడటం ఒక్కటే. మందు ఇవ్వను, కత్తి పట్టను, బిడ్డను ఎత్తుకోను. నా దగ్గరున్న సరంజామా అంతా ఈ రెండు కళ్లే. అవి ఏమీ కోరుకోకుండా చూడాలి. మనవాడిదని తెలిశాక నా కన్ను తనకు కావలసిందే వెతుక్కుంటుంది. లేదా భయపడేదాన్ని వెతుక్కుంటుంది. రెండూ చూడటం కాదు.

నా ఎదురు బల్ల డాక్టరుకు పంపు. పని తెలిసినవాడు. ఇన్నేళ్లలో మా ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పొసగలేదనుకో. నేను ఊదా అంటే ఆయన గులాబీ అంటాడు, నేను టీ తాగితే ఆయన కాఫీ తాగుతాడు. అయినా చెప్పి పెడతాను.

అది ఏ రకమో, ఎలా ఉంటుందో చూడకుండా ఒక్క ముక్క కూడా చెప్పను. అడగకు. ఊరికే ధైర్యం చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు.

తమ్ముణ్ణి వేళకు తినమను.

అక్క అని రాయాలో వదిన అని రాయాలో తెలియక,
నేనే


మార్చి 16

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీ ఇబ్బంది అర్థమైంది. స్లైడ్లు వేరే చోటికి పంపాం. ఇక మీరు శ్రమ పడనక్కర్లేదు. మీ ఎదురు బల్ల ఆయనకు పంపలేదు. మీరు ఊదా అన్నదాన్ని గులాబీ అనే మనిషి చేతిలో నా బిడ్డను పెట్టలేను.

మీ తమ్ముడు వేళకే తింటున్నాడు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ బల్ల మీదికి వచ్చే పిల్లల సంగతి మీకు ఎప్పుడైనా గుర్తుంటుందా? పేర్లు అక్కర్లేదు. ఒక స్లైడు చూశాక ఆ బిడ్డ ఎలా ఉంటుందో, తల్లి ఏం చేస్తోందో అనిపిస్తుందా, లేక ట్రే అయిపోతే అంతేనా? తెలుసుకుందామని అడుగుతున్నాను.

నమస్కారాలతో,
మీ మరదలు


మార్చి 29

మరదలా,

"వదినగారికి" అని రాశావు. గారు అన్నప్పుడే నాకు పడాల్సిన దెబ్బ పడింది. నువ్వు నన్ను తిట్టినా ఇంత ఇబ్బంది పడను.

నీ ఉత్తరానికి ఇన్ని రోజులు జవాబు రాయలేకపోయాను. జూనియర్లలో ఒకడు సెలవు పెట్టాడు, ఇంకొకడు ఉండీ లేనట్టే. సాయంత్రానికి మెడ పట్టేసి తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తోంది. మైక్రోస్కోపు రెండు కళ్ల చుట్టూ గుండ్రంగా అచ్చు వేసింది. బస్సులో ఒక పిల్ల నన్ను చూసి గుడ్లగూబ అని వాళ్లమ్మకు చెప్పింది. వాళ్లమ్మ దాని నోరు మూసింది కానీ, తనూ నవ్వింది.

అడిగావు కాబట్టి చెప్తాను. గుర్తుంటారు. అందరూ కాదు. ఈ వారమే ఒకటి వచ్చింది. ఎక్కడో ఒక కుట్టు దుకాణం చిరునామాతో, డాక్టరు చీటీ కూడా లేకుండా. ఆరేళ్ల పిల్లట. మూత్రపిండం నెత్తిన టోపీలా ఒక గ్రంథి ఉంటుంది, గడ్డ అక్కడిది. స్లైడు నిండా పచ్చి కణాలు, ఏదీ ఎదిగి ఒక రూపానికి రాలేదు. ఆ వయసులో అది చెడ్డ వైపుది. ఎన్ని మందులు పెట్టినా నిలబడేవాళ్లు తక్కువ. రిపోర్టు రాసి సంతకం పెట్టి పంపించాను.

దాన్లో ఒకటి చిరాకు పెట్టింది. స్లైడు మూలన మామూలు మూత్రపిండం కాస్త వచ్చింది. దానిలో రక్తాన్ని వడపోసే ఉండలు మరీ చిన్నగా, ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని, పసిపిల్లలకు ఉన్నట్టున్నాయి. జూనియర్ని పిలిచి చూపించాను. "బాగా సన్నగా ఉండే పిల్ల అయ్యుంటుంది మేడమ్" అన్నాడు. అది జవాబు కాదు. అయినా ఊరుకున్నాను. ఇంకా ట్రేలు మిగిలున్నాయి, ఇంటికి పోవాలనిపించింది.

ఆ తల్లి గురించి మాత్రం ఆలోచించాను. ఇప్పుడు ఆమె ఆ పిల్లను చంకనేసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంది, ఒళ్లంతా సూదులు పొడిపిస్తుంది. చివరికి మిగిలేది ఏముంది? ఆ మాట ముందే ఎవరైనా చెబితే, ఉన్నన్నాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది కదా అనిపించింది. ఇలాంటివి నేను ఎవరితోనూ అనను. అలసటలో నీతో అంటున్నాను.

మీ జవాబు వచ్చిందా? ఎక్కడికి పంపారు? ఎందుకు రాయవు? నేను అడగకూడదని పంతం పట్టుకుని కూర్చున్నాను కానీ, రోజూ పోస్టు వచ్చే వేళకు మెట్ల మీదే ఉంటున్నాను.

గుడ్లగూబ


ఏప్రిల్ 6

వదినా,

మీరు రాసిన ఆరేళ్ల పిల్ల మా ఇంట్లోనే ఉంది. పిల్ల కాదు, పిల్లాడు. ఆరేళ్లూ కాదు. ఇప్పుడు నా పక్కనే పడుకుని కనుబొమలు ముడుచుకుని నిద్రపోతున్నాడు.

మనవాడని తెలిస్తే మీ కన్ను పనికిరాదన్నారు. తెలియకుండా చూపిస్తే పనికొస్తుంది కదా అనుకున్నాను. పిల్లల డాక్టరు దగ్గర స్లైడ్లు, మైనం దిమ్మ నేనే అడిగి తెచ్చుకున్నాను. ఆయన రాసిన చీటీలో పేరుంది కాబట్టి తీసేశాను. మా వీధిలోని కుట్టు మేస్త్రి కూతురి పేరు పెట్టి, ఆ పిల్ల వయసే రాసి, ఆయన దుకాణం నుంచే పంపించాను. తొమ్మిది నెలల మగపిల్లాడని రాస్తే మీరు ఇట్టే పట్టేస్తారు కదా.

మీమీద కోపం లేదు. అప్పుడుండేది. ఇప్పుడు దానికి కూడా ఓపిక లేదు. రిపోర్టు వచ్చిన రోజు దాన్లో సగం మాటలు అర్థం కాలేదు, ఏదో ఆశ మిగిలింది. తర్వాత మీ ఉత్తరం వచ్చింది. అందులో అన్నీ తెలుగులోనే ఉన్నాయి. మీ తమ్ముడికి చదివి వినిపించాను. ఎవరిదో తెలియకుండా మీ అక్కే చూసింది అన్నాను. "ఇంకా పై కోర్టు ఎక్కడుంది?" అన్నాడు. లేచి వెళ్లి పంపు దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

పిల్లల డాక్టరు కబురు మీద కబురు పంపుతున్నాడు. మేం వెళ్లడం లేదు. రిపోర్టు ఆయనకు చూపించలేదు, చూపిస్తే మందులంటాడు, సూదులంటాడు. ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే మేలని మీరన్నారు. అలాగే కూర్చున్నాను. యూనిట్‌కు సెలవు పెట్టాను. వాడు గుండీలన్నీ కొరికేస్తున్నా వద్దనడం లేదు.

మీరు మొహమాటం లేకుండా నిజం చెప్పారు. అదే అడిగాను, అదే దొరికింది. మీరు రాకండి. వాడి ముఖం మీరింకా చూడలేదు. ఇప్పుడు చూసి బాధపడటం ఎందుకు?

మరదలు


ఏప్రిల్ 9, ఎక్స్‌ప్రెస్ పోస్టు

మరదలా, ఇది చదువుతున్నప్పుడు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. నిన్నటినుంచి ఫోన్ చేస్తున్నాను, మీలో ఎవరూ ఎత్తడం లేదు.

ఆ రిపోర్టు చించెయ్. అది మనవాడిది కాదు. స్లైడు మనవాడిదే, రిపోర్టు కాదు.

నిదానంగా చెప్తాను, చేతులు వణుకుతున్నాయి. మేం కణాల్ని మాత్రమే చూసి చెప్పం. ఈ రకం గడ్డలో సగం సమాధానం వయసులో ఉంటుంది. మీ యూనిట్‌లో సంగతే తీసుకో. తొమ్మిది నెలల పిల్లాడి ఒంటిమీద తొమ్మిది నెలల చొక్కా ఉంటే నువ్వు రెండోసారి చూడవు. అదే చొక్కా ఆరేళ్ల పిల్లకు వేసి తీసుకొస్తే? బట్ట అదే, కుట్టు అదే, గుండీ అదే. కానీ ఎక్కడో పెద్ద తేడా ఉందంటావు. పచ్చి కణాలూ అంతే. ఆరేళ్లొచ్చినా అవి ఎదగకుండా ఉన్నాయంటే ఇక ఎదగవని లెక్క, చెడ్డవని లెక్క. పసివాడిలో అవి ఎదగకపోవడం వింత కాదు, వాటికింకా టైముంది. చాలామంది పసిపిల్లల్లో ఇలాంటి గడ్డ తర్వాత నెమ్మదిస్తుంది, కొందరిలో దానంతట అదే కరిగిపోతుంది, లేకపోతే కోసి తీసేస్తారు. సూదులూ మందులూ చాలామందికి అవసరమే పడవు.

ఖాయంగా నయమవుతుందని నేననడం లేదు. మైనం దిమ్మ మీద చేయాల్సిన పరీక్ష ఇంకొకటి ఉంది. స్కాన్ మళ్లీ తీయాలి. కానీ ఇది ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసే జబ్బు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన జబ్బు.

పసిపిల్లల్లో ఇలాంటి గడ్డలు ఎక్కువగా మంచి వైపుకే మొగ్గుతాయన్న మాట నాకు మొదటి ఉత్తరం నాడే తెలుసు. చూడకుండా ఏమీ చెప్పనని బిగుసుకుని కూర్చున్నాను. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు వయసు మార్చేదానివి కాదు.

రేపే వెళ్లండి.

వదిన


ఏప్రిల్ 14

వదినా,

రెండుసార్లు చదివాను. మీ తమ్ముడు ఒకసారి చదివి, మడతపెట్టి, నా చేతికిచ్చేసి, "నువ్వే ఆలోచించు" అన్నాడు. ఆయన అన్నీ నన్నే ఆలోచించమంటాడు.

చొక్కా సంగతి నాకు బాగా అర్థమైంది. మరీ బాగా అర్థమైంది, అదే నా భయం. నాకు ఎలా చెబితే ఎక్కుతుందో వెతికి పట్టుకుని రాశారు.

వాడెవరో తెలియనప్పుడు చెడ్డదన్నారు. తెలిశాక మంచిదంటున్నారు. మనవాడని తెలిస్తే నా కన్ను తనకు కావలసిందే వెతుక్కుంటుందని మీరే రాశారు, ఆ ఉత్తరం నా దగ్గరుంది. ఇప్పుడు మీకేం కావాలో నాకు తెలియదా? మీకు ఒక్కడే తమ్ముడు, ఆయనకు ఒక్కడే కొడుకు. మీ చేతులు వణుకుతున్నాయని మీరే రాశారు. వణికే చేతులతో రాసింది నేనెలా నమ్మను?

మీరు అబద్ధం చెప్పారని అనడం లేదు. మీకు అలా కనబడి ఉంటుంది.

ఒక మాట చెప్పనా? వాడు పోతాడన్న మాటకు నేను కాస్త అలవాటు పడ్డాను. దానికి ఎంత కష్టపడ్డానో మీకు తెలియదు. మళ్లీ ఆశ పెట్టుకుని, మళ్లీ మొదటినుంచి ఆ కష్టం పడటానికి నాలో ఏమీ మిగల్లేదు.

మరదలు


ఏప్రిల్ 19

మరదలా,

నీ తర్కంలో తప్పు లేదు. నా మాటతోనే నా నోరు కట్టేశావు. నాకు ఏడుపొచ్చింది, ఆ మాట దాచడం ఎందుకు?

స్లైడు తీసుకెళ్లి ఎదురు బల్ల ఆయన ముందు పెట్టాను. చుట్టరికం చెప్పలేదు. తొమ్మిది నెలలు అని మాత్రం అన్నాను. ఆయన కాఫీ తాగుతూ, నన్ను నిలబెట్టే, స్లైడంతా ఈ చివరినుంచి ఆ చివరిదాకా నింపాదిగా చూశాడు. మంచి వైపుదే అన్నాడు. అప్పుడు ఆరేళ్లని రాసిన నా రిపోర్టు తీసి ఇచ్చాను.

"ఇది రాసిందెవరు?"

"నేనే."

"మూలన ఉన్న మూత్రపిండం చూడలేదా?"

"చూశాను."

"చూసి?"

"ఇంటికెళ్లిపోయాను."

నా తప్పు పట్టుకోవాలని ఇన్నేళ్లుగా కాచుకుని కూర్చున్న మనిషి. దొరికిన రోజున కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు. తాగాను కూడా. మా ల్యాబు పెద్దాయన సంజాయిషీ అడిగాడు, రాసిచ్చాను. వయసు మార్చింది నువ్వైనా, అనుమానం వచ్చాక అడగకుండా సంతకం పెట్టింది నేను. ఆ తప్పు నీ ఖాతాలో వేసుకోకు.

ఇదంతా నేను కల్పించానని కూడా నువ్వు అనుకోవచ్చు. ఇంక నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. బయల్దేరి రావాలని సంచి సర్దాను, మళ్లీ విప్పాను. నేనొస్తే తమ్ముడు నామీద గౌరవంతో వెంటనే వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి నడుస్తాడు. నువ్వు వెనకాల నడుస్తావు, నమ్మకుండా. అలా వద్దు.

అందుకని నన్ను నమ్మొద్దు. ఆయన్నీ నమ్మొద్దు. ఒక్క పని చెయ్యి. మీ పిల్లల డాక్టరు దగ్గరికెళ్లి ఆ రిపోర్టు ఆయన చేతికిచ్చి, "వయసు రాయాల్సిన చోట ఆరేళ్లని రాసి పంపాను" అని చెప్పు. ఇంకేమీ చెప్పకు. చెప్పి ఆయన ముఖం చూడు. ఆయనకు నా పేరు తప్ప నా గురించి ఏమీ తెలియదు, మన ఇంటిమీద ప్రేమా లేదు. ఆ ముఖంలో ఏం కనబడితే అది నమ్ము.

ఇంతకంటే నాకు చేతకాదు. బతిమాలుతున్నాను.

వదిన


మే 2

వదినా,

ఆయన ముఖం చూశాను.

వెళ్లాలనుకుని వెళ్లలేదు. మీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు బల్ల మీదే ఉంది. ఐదో రోజు మీ తమ్ముడు ఆఫీసరుగారికి టోపీ పెట్టి, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను రమ్మనలేదు, పదమనలేదు. అలా నిలబడ్డాడు. నేనూ చెప్పులేసుకున్నాను.

డాక్టరు గదిలో ఎవరో పిల్లాడికి మందు రాస్తున్నాడు. మా వంతు వచ్చాక రిపోర్టు ఇచ్చాను. చదివాడు. ముఖం అలా కిందికి జారింది. అప్పుడు మీరు చెప్పిన మాట అన్నాను, ఒక్క అక్షరం మార్చలేదు. ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "ఎవరికి ఆరేళ్లు?" అన్నాడు. మళ్లీ చెప్పాను. రిపోర్టు చూశాడు, వీణ్ణి చూశాడు, మళ్లీ రిపోర్టు చూశాడు. పెన్ను బల్లమీద పెట్టి లేచి నిలబడ్డాడు.

వదినా, ఆయన నన్ను తిట్టిన తిట్లు నా జన్మలో ఎవరూ తిట్టలేదు. చదువుకున్నదానివేనా అన్నాడు. ఇది ఆటా అన్నాడు. ఇన్ని వారాలు బిడ్డను ఇంట్లో పెట్టుకుని కూర్చున్నారా, బుద్ధుందా మీ ఇద్దరికీ అన్నాడు. బయట వరండాలో ఉన్నవాళ్లు కూడా తొంగి చూశారు. నర్సు వచ్చి తలుపేసింది. మీ తమ్ముడు తలొంచుకున్నాడు. నేను మాత్రం తలెత్తి ఆయన్నే చూస్తున్నాను. ఆయన అరుస్తున్న కొద్దీ నాకు ప్రాణం లేచొస్తోంది. పోయే బిడ్డ తల్లి మీద ఎవరూ అలా అరవరు. పోయే బిడ్డ తల్లితో అందరూ మెల్లగా మాట్లాడతారు. మా యూనిట్‌లో, వీధిలో, ఇంటి ఓనరు కూడా, ఈ నెలంతా నాతో అందరూ మెల్లగానే మాట్లాడారు. అక్కడే, ఆయన తిడుతుండగానే, గట్టిగా ఏడ్చేశాను. ఆయన భయపడి నీళ్లిచ్చాడు.

స్కాన్ మళ్లీ తీశారు. గడ్డ పెరగలేదు. ఒక పక్క కాస్త తగ్గినట్టుంది, కానీ ఇప్పుడే ఏమీ అనలేనన్నాడు. మీరు చెప్పిన ఆ రెండో పరీక్షలో చెడు ఏమీ రాలేదు. ఇంకొన్నాళ్లు చూసి, గడ్డ మొత్తం తీసేద్దామన్నాడు. ఆపరేషన్ అంటే భయం ఉంది. ఉండదా మరి. కానీ ఇది వేరే భయం, అన్నం తింటూ కూడా పడొచ్చు.

తీశాక దాన్ని ఎక్కడికి పంపమంటారని డాక్టరే అడిగాడు. మా వదినకు అన్నాను. ఈసారి కాగితం ఆయనే రాశాడు, నన్ను పెన్ను ముట్టుకోనివ్వలేదు. పేరు, వయసు, అన్నీ ఉన్నవే. నేను అడిగి చుట్టరికం కూడా రాయించాను. మేనల్లుడు అని.

మీరు వద్దంటారని తెలుసు. కన్ను చెడుతుందంటారు. చెడనివ్వండి. అప్పుడు నాకు వాడెవరో తెలియని కన్ను కావలసి వచ్చింది. అది దొరికాక ఏమైందో చూశాం. అందులో ఏదైనా చెడు కనబడితే, వాడెవరో తెలియని మనిషి నోటినుంచి నేను వినలేను.

మీ మరదలు


మే 8

మరదలా,

పంపు.

చదవడం మాత్రం ఎదురు బల్ల ఆయనే చదువుతాడు. ఆ విషయంలో నన్ను బలవంతపెట్టకు, ఇది మన ఆఫీసరుగారి మంచికే. ఆయన సంతకం పెట్టేదాకా నేను కిటికీ దగ్గర నిలబడి జనరేటరు గది గోడ చూస్తుంటాను. ఆయన లేచాక ఆ కుర్చీలో కూర్చుని నేనూ చూస్తాను.

మంచైనా చెడైనా నీకు చెప్పేది నేనే. ఉత్తరం రాయను. వచ్చి చెప్తాను.

మేనత్త